ఏడు గంటల బస్సు రాదని ఎవరికి తెలుసు? ఈమెయిల్, ఎస్‌ఎంఎస్ కలిపి వాడటంలో మేం నేర్చుకున్నది

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. తెల్లవారుజామున ఐదు కూడా కాలేదు. ఫోన్ మోగింది. అవతల మా క్లయింటు దగ్గర ట్రాఫిక్ ఇన్‌ఛార్జిగా పనిచేసే పెద్దాయన.

"బాబూ, నందిగామ వైపు పరిస్థితి బాగోలేదంట. రాత్రి బండ్ల డ్రైవర్లు ఒకటే ఫోన్లు. పొద్దున సర్వీసులన్నీ ఆపేస్తున్నాం. జనానికి చెప్పేయ్."

జనానికి చెప్పేయ్. ఆ రెండు మాటల వెనక ఎంత పని ఉందో ఆ రోజుకి ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.

మా క్లయింటు హైదరాబాద్ నుంచి విజయవాడ, రాజమండ్రి, కాకినాడ వైపు బస్సులు నడిపే ఒక ట్రావెల్స్. పేరు చెప్పను. విజయవాడలో ఉన్న మా చిన్న ఆఫీసు వాళ్ళ టికెట్ సాఫ్ట్‌వేర్ వెనకాల పని చూస్తుంది. టికెట్ కొట్టగానే మెయిల్ వెళ్ళడం, బస్సు బయల్దేరే ముందు బండి నంబరు, డ్రైవర్ నంబరు మెసేజ్ వెళ్ళడం, డబ్బు వాపసు లెక్కలు, ఇలాంటివి. ఆ రోజు ఐతవరం దగ్గర మున్నేరు నీళ్ళు జాతీయ రహదారి 65 మీదికి వచ్చి హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. అంటే బస్సు లేకపోతే రైలెక్కుదాం అనుకునే దారి కూడా లేదు. ఇంటి నుంచి కదలకపోవడమే మంచిదని చెప్పాల్సిన రోజు అది.

మేం చెప్పలేకపోయాం. కొందరికి చెప్పాం, కొందరికి వింతగా చెప్పాం, చాలామందికి వాళ్ళు ఎల్బీనగర్‌లో వానలో నిలబడ్డాక తెలిసింది. ఆ పొద్దున ఏం జరిగింది, తర్వాత ఏం మార్చాం, ఏడాది తర్వాత మొంథా తుఫాను వచ్చినప్పుడు అది ఎంతవరకు పనిచేసింది అన్నది ఈ కేస్ స్టడీ.

ఆ పొద్దున

మొదట మెయిల్ రాశాను. ఐదున్నరకల్లా పంపే బటన్ నొక్కాను. మెయిల్లు కదలడం లేదు. ఎందుకో చూస్తే, క్యూలో ముందు ఇంకో పెద్ద వరస నిలబడి ఉంది. ఆ శనివారమే వినాయక చవితి ఉంది కదా, సెప్టెంబర్ 7న. దాని కోసం క్లయింటు మార్కెటింగ్ వాళ్ళు ఆదివారం ఉదయం వెళ్ళేలా ఒక ఆఫర్ మెయిల్ పెట్టి ఉంచారు. పండక్కి ఊరెళ్దాం రండి అని. ఆ ఆహ్వానాలన్నీ వెళ్ళాకే 'మీ బస్సు రద్దు' వెళుతుంది. ఆఫర్‌ని ఆపి క్యూ ఖాళీ చేసేసరికి విలువైన సమయం పోయింది. ఇంకా ఘోరం ఏమిటంటే, బస్సు రద్దయిన ప్రయాణికుల్లో కొందరికి పండగ పిలుపు ముందు వచ్చింది, రద్దు కబురు తర్వాత వచ్చింది.

తర్వాత ఎస్‌ఎంఎస్. ఇక్కడ ఈ పనిలో లేనివాళ్ళకు ఒక విషయం చెప్పాలి. మన దేశంలో కంపెనీ తన కస్టమర్‌కు నచ్చిన మాటలు మెసేజ్‌గా పంపలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీ ముందు టెలికాం కంపెనీలు ఇందుకోసం నడిపే డీఎల్‌టీ అనే పోర్టల్‌లో నమోదు కావాలి. పంపేవాళ్ళ పేరుగా కనిపించే ఆరక్షరాల హెడర్‌ను నమోదు చేయాలి. ఆపైన పంపబోయే ప్రతి మెసేజ్ నమూనాకూ, అంటే టెంప్లేట్‌కూ, ముందే ఆమోదం తెచ్చుకోవాలి. పేరు, తేదీ, సీటు నంబరు లాంటివి పెట్టడానికి మధ్యలో ఖాళీలు ఉంచుకోవచ్చు, అప్పట్లో ఒక్కో ఖాళీలో 30 అక్షరాల దాకా పడేవి. మిగతా వాక్యంలో ఒక చుక్క మారినా మెసేజ్ ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. 2021 మార్చి 8న ఈ తనిఖీని మొదటిసారి గట్టిగా అమలు చేసినప్పుడు దేశమంతా బ్యాంకుల ఓటీపీలు ఆగిపోయి, ట్రాయ్ దాన్ని వారం పాటు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళెవరూ ఆ రోజు మర్చిపోలేదు.

మా దగ్గర ఆమోదం ఉన్నవి మూడే టెంప్లేట్లు. ఓటీపీ, టికెట్ ఖరారు, బండి–డ్రైవర్ వివరాలు. రద్దుకి లేదు. ఎందుకు లేదు? ఎవరూ అడగలేదు. బస్సులు నడపడానికి పెట్టుకున్న కంపెనీ, బస్సులు నడవని రోజు గురించి ఆలోచించలేదు. మేం గుర్తు చేయాల్సింది, మేమూ చేయలేదు.

అప్పుడు నేను చేసింది గొప్పగా చెప్పుకునే పని కాదు. బండి–డ్రైవర్ వివరాల టెంప్లేట్ తీసుకుని, ఖాళీల్లో ఇంగ్లీషులో 'క్యాన్సిల్డ్' అని నింపి పంపేశాను. నిబంధన ఉద్దేశానికి అది విరుద్ధం. తనిఖీ మాత్రం దాటిపోయింది. అవతల జనానికి చేరింది ఇది: మీ బస్సు నంబరు క్యాన్సిల్డ్, మీ డ్రైవర్ క్యాన్సిల్డ్. కాసేపటికి ఒకాయన కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి అడిగాడట, "డ్రైవర్ క్యాన్సిల్ అయితే వేరే డ్రైవర్‌ని పెట్టుకోరా ఏంటండీ?" అని. నవ్వొచ్చే మాటే. ఆ నవ్వు నాకు రెండు రోజుల తర్వాత వచ్చింది.

ఆ గందరగోళంలో ఒక మెయిల్‌కు జవాబు వచ్చింది. డాలస్ నుంచి. టికెట్ కొన్నది అక్కడున్న కొడుకు, ప్రయాణించాల్సింది ఇక్కడున్న తల్లిదండ్రులు. మనకు ఆదివారం తెల్లవారుతుంటే వాళ్ళకు శనివారం సాయంత్రం. ఆయన మేలుకునే ఉన్నాడు, మెయిల్ చూశాడు, వెంటనే ఇంటికి ఫోన్ చేసి ఆపాడు. 'నాన్నగారికి మీ దగ్గర్నుంచి మెసేజ్ ఏమీ రాలేదంటున్నారు, ఎందుకు?' అని అడిగాడు. చూస్తే టికెట్‌లో ఉన్నది ఆయన అమెరికా నంబరు. మన ఆరక్షరాల హెడర్ మెసేజ్ అక్కడికి ఆ రూపంలో వెళ్ళదు. అమెరికాలో కంపెనీలు పంపే మెసేజ్‌లకు వాళ్ళ రిజిస్ట్రేషన్లు వేరు. అంటే అందరూ 'తెల్లవారుజామున మెయిల్ ఎవడు చూస్తాడు' అనుకునే చోట, పదిన్నర గంటల తేడా వల్ల, ఆ ఇంటిని మెయిలే కాపాడింది.

నేను అదే రోజు ఒక కాగితం మీద రాసుకున్న మాట ఒకటుంది. మా సిస్టమ్ తెర మీద మూడు గడులు ఉండేవి: పంపాల్సినవి, పంపినవి, విఫలమైనవి. 'పంపినవి' గడి ఆ పొద్దున పచ్చగా నిండుగా ఉంది. 'తెలిసినవాళ్ళు' అన్న గడి లేదు. తర్వాత చేసిన పనంతా ఆ గడి కోసమే.

ఏది ముందు, ఏది తర్వాత

మెయిల్ మంచిదా, మెసేజ్ మంచిదా అనే చర్చ క్లయింటు ఆఫీసులో రెండు మీటింగులు తిన్నది. రెండింటిలో ఒకే మాట పంపితే చాలు కదా అన్నారు. అలా చేస్తే మెసేజ్ పొడవైపోతుంది, మెయిల్ పొట్టిదైపోతుంది, రెండూ చెడతాయి.

మేం చివరికి ఖాయం చేసుకున్నది ఇలా. మెసేజ్‌లో ఇప్పుడు మనిషి చేయాల్సిన ఒక్క పని ఉండాలి. బయల్దేరకండి. లేదా, ఎక్కే చోటు మారింది, అక్కడికి రండి. మిగతాదంతా మెయిల్లో. ఎందుకు రద్దయింది, డబ్బు ఎంత, ఏ ఖాతాలోకి, ఎన్ని రోజుల్లో, మరో తేదీకి మార్చుకోవాలంటే ఏం చేయాలి. మెయిల్ కాగితం లాంటిది. ఆఫీసులో సెలవుకు చూపించుకుంటారు, ఇంటర్వ్యూ తప్పినవాళ్ళు అవతలి కంపెనీకి పంపుకుంటారు. ఆ సెప్టెంబర్‌లో అలాంటి కాగితం అడిగి ఫోన్ చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి చూపిస్తే ఎవరూ నమ్మరు.

రెండింటి వరస మాత్రం బస్సుకి మిగిలిన టైమును బట్టి మారుతుంది. ఇదే మాకు పెద్ద మలుపు. బస్సుకు మూడు గంటల లోపు ఉంటే ముందు మెసేజ్, వెంటనే ఫోన్లు, చివర మెయిల్. ఒక రోజుకు పైగా టైముంటే ముందు మెయిలే. అందులో ఎంచుకునే వీలు ఇస్తాం: రేపు తుఫాను అంటున్నారు, తేదీ మార్చుకుంటారా, డబ్బు తీసుకుంటారా, ఆగి చూస్తారా. ఎంచుకోవడం అనేది కూర్చుని, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని చేసే పని. దాన్ని లాక్ స్క్రీన్ మీద రెండు లైన్లలో పెట్టకూడదు. మెసేజ్‌ని నిర్ణయం ఖాయమయ్యాకే వదలాలి. అనుమానంగా ఉన్నప్పుడు మెసేజ్ పంపితే జనం దాన్నే ఖాయం అనుకుంటారు. ఒక ప్రయాణానికి మూడు మెసేజ్‌లు మించకూడదని కూడా పెట్టుకున్నాం. మించితే నాలుగోది చదవరు.

డెబ్భై అక్షరాల ఇల్లు

తెలుగులో పంపాలని నేనే పట్టుబట్టాను. బండి–డ్రైవర్ మెసేజ్‌లు ఇంగ్లీషులో ఉన్నా జనం నెట్టుకొస్తారు, నంబర్లే కదా. రద్దు మాట మాత్రం చదవగానే అర్థం కావాలి. పెద్దవాళ్ళు మనవణ్ణి పిలిచి చదివించుకునేలా ఉండకూడదు.

అయితే మెసేజ్‌లో తెలుగుకి చోటు తక్కువ. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70. దాటితే రెండు ముక్కలవుతుంది, అప్పుడు ఒక్కో ముక్కలో 67 మాత్రమే. ముక్కకింత అని డబ్బు. పైగా లెక్క మనం కంటితో చూసే అక్షరాలది కాదు. గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా లెక్క. 'రద్దు' కంటికి రెండక్షరాలు, యంత్రానికి ఐదు. 'స్టాప్‌కు' కంటికి మూడు, యంత్రానికి తొమ్మిది. అందులో ఒకటైతే అసలు కనపడదు. పొల్లు విడిగా నిలబడటానికి కీబోర్డు మధ్యలో పెట్టే అదృశ్య అక్షరం. ఆ కనపడని అక్షరం టెంప్లేట్‌లో ఉండి, పంపే వాక్యంలో లేకపోయినా, లేదా అటుదిటైనా, తనిఖీలో మెసేజ్ ఆగిపోతుంది. ఒక సాయంత్రమంతా దీని మీద పోయింది. రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చం ఒకటే, సిస్టమ్ మాత్రం కాదంటుంది. ఆ తర్వాత అలాంటి అక్షరం అవసరమయ్యే మాటలే టెంప్లేట్లలోంచి తీసేశాం. 'స్టాప్‌కు రావద్దు' పోయి 'బయల్దేరకండి' వచ్చింది. అర్థంలో కూడా అదే మెరుగు.

మార్కెటింగ్ వాళ్ళ మొదటి ముసాయిదా 'ప్రియమైన ప్రయాణికులకు' అని మొదలైంది. లెక్కపెట్టి చూపించాను. మధ్య ఖాళీతో కలిపి 21. డెబ్భైలో ఇరవై ఒకటి మర్యాదకే పోతే కబురుకి ఏం మిగులుతుంది? చివరికి నిలిచిన రూపం ఇది:

1/9 ఉ.7:00 విజయవాడ బస్సు రద్దు. బయల్దేరకండి. డబ్బు వాపసు.

ఇది 57. కంపెనీ పేరుకు 13 మిగిలాయి. మొరటుగా ఉందన్నారు. తెల్లవారుజామున నిద్రమత్తులో ఫోన్ ఎత్తి చూసే మనిషికి మర్యాద అంటే త్వరగా అర్థమవ్వడమే అని వాదించాను. ట్రాఫిక్ పెద్దాయన నా వైపు మాట్లాడారు, అది గెలిచింది.

ఇంగ్లీషు టెంప్లేట్లలోనూ ఒక గొయ్యి ఉంది. రూపాయి గుర్తు పెడితే, లేదా వర్డ్ ఫైల్లోంచి కాపీ చేసినప్పుడు వంకర కొటేషన్ గుర్తు ఒక్కటి వచ్చినా, మొత్తం మెసేజ్ 160 లెక్కలోంచి 70 లెక్కలోకి పడిపోతుంది. ఒక నెల బిల్లు ఎందుకు పెరిగిందో వెతికితే ఇదే తేలింది. అప్పట్నుంచి 'రూ.' అనే రాస్తున్నాం.

మరో పాఠం తేదీ, టైము గురించి. 'మీ బస్సు 2 గంటలు ఆలస్యం' అని ఎప్పుడూ రాయకూడదు. ఫోన్ ఆఫ్‌లో ఉంటే ఆపరేటర్ మెసేజ్‌ను దాచి, ఫోన్ వెలగగానే ఇస్తాడు. ఎంతసేపు దాచాలో మనం చెప్పకపోతే గంటల తరబడి దాస్తాడు. విజయవాడ వరదల్లో కరెంటు లేక ఫోన్లు ఆగిపోయినవాళ్ళకు ఆదివారం ఉదయపు మెసేజ్ సోమవారం వచ్చింది. అప్పుడు 'రెండు గంటలు' అంటే ఎప్పటి నుంచి రెండు గంటలు? అందుకే తేదీ, గడియారం టైము ఉండి తీరాలి. ఆలస్యం కబురు గడువు కూడా మేమే పెడుతున్నాం. బస్సు కొత్త టైము దాటాక ఆ మెసేజ్ ఎవరికీ చేరకూడదు. మెయిల్‌కీ ఇదే జబ్బుంది. అవతలి సర్వర్ 'తర్వాత రా' అంటే మన సర్వర్ నాలుగైదు రోజుల దాకా తలుపు కొడుతూనే ఉంటుంది. అత్యవసర మెయిల్లకు ఆ పట్టుదలను గంటలకు కుదించాం.

ముందే తెచ్చుకోవాల్సిన అనుమతులు

వరదల తర్వాతి వారంలో కూర్చుని రాసిన జాబితాలో రద్దు, ఆలస్యం, ఎక్కే చోటు మార్పు, దారి మళ్ళింపు, దారిలో ఆగిపోయిన బస్సు, వేరే బండి ఏర్పాటు ఉన్నాయి. ఒక్కోటి తెలుగులో, ఇంగ్లీషులో విడిగా. జాబితాలో చివరగా ట్రాఫిక్ పెద్దాయన చేర్పించింది ఒకటుంది: 'ఇంతకుముందు పంపిన మెసేజ్ పొరపాటు, మీ బస్సు ఉంది'. అప్పుడు అందరం నవ్వాం. 2025 సంక్రాంతి రద్దీలో రాత్రి 9:30 సర్వీసులు రెండున్నాయి, ఏసీ స్లీపర్ ఒకటి, నాన్ ఏసీ ఒకటి. ఏసీ బండి పాడైంది. రద్దు మెసేజ్ నాన్ ఏసీ వాళ్ళకు వెళ్ళింది. ఆ నవ్విన టెంప్లేటే ఆ రాత్రి పరువు కాపాడింది. పూర్తిగా కాదు, ఇద్దరు ముగ్గురు అప్పటికే వేరే టికెట్ కొనేశారు. ఆ డబ్బు క్లయింటు ఇచ్చుకున్నారు.

టెంప్లేట్ ఏ రకం కింద నమోదవుతుందన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. కొన్న టికెట్ గురించి చెప్పేది సేవా సమాచారం, అది ప్రచార మెసేజ్‌లు వద్దని నమోదు చేసుకున్న డీఎన్‌డీ నంబర్లకు కూడా ఏ టైములోనైనా వెళుతుంది. ప్రమోషనల్ మెసేజ్ రాత్రి 9 నుంచి ఉదయం 10 దాకా వెళ్ళదు. మార్కెటింగ్ వాళ్ళు రద్దు మెసేజ్ చివర 'తర్వాతి ప్రయాణానికి తగ్గింపు' అని ఒక ముక్క తగిలించారు, జనం కోపం తగ్గుతుందని. ఆ ఒక్క ముక్కతో అది ప్రచారం అయిపోతుంది. అంటే సరిగ్గా తెల్లవారుజామున, అవసరమైనప్పుడు, వెళ్ళదు. తగ్గింపు ఇవ్వాలనుంటే మర్నాడు మెయిల్లో ఇవ్వండి అన్నాను.

లింకుల సంగతీ అంతే. ముందుగా నమోదు చేయని లింకులు, తిరిగి ఫోన్ చేయమనే నంబర్లు ఉన్న మెసేజ్‌లను ఆపేయాలని ట్రాయ్ చెప్పింది. దానికి మొదట పెట్టిన గడువు 2024 సెప్టెంబర్ 1. అవును, అదే ఆదివారం. చివరి నిమిషంలో అక్టోబర్ 1కి జరిపారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మా టికెట్ ఖరారు మెసేజ్‌లు కూడా ఆగేవేమో. అదే ఏడాది డిసెంబర్ 11 నుంచి, కంపెనీ నుంచి ఆపరేటర్ దాకా మధ్యలో ఎవరెవరి చేతుల మీదుగా మెసేజ్ వెళుతుందో ఆ గొలుసు కూడా నమోదై ఉండాలి. మా మెసేజ్‌లను ఆపరేటర్‌కు చేర్చే మధ్యవర్తి సంస్థ, అంటే గేట్‌వే, వెనకాల ఇంకో గేట్‌వే ఉందని మాకు తెలిసింది ఆ నమోదు అప్పుడే.

మెయిల్ వైపు చేసింది తక్కువ, ఫలితం ఎక్కువ. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, రోజుకు 5,000కు మించి పంపేవాళ్ళకు మెయిల్ నిజంగా వాళ్ళదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ఏర్పాట్లు మూడూ ఉండాలంటోంది, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం చేరకూడదంటోంది. మా ఆఫర్ మెయిల్లు, టికెట్ మెయిల్లు ఒకే చిరునామా నుంచి వెళ్ళేవి. ఆఫర్ మెయిల్ మీద విసుగొచ్చి 'స్పామ్' నొక్కినవాడి కోపం టికెట్ మెయిల్ మీద పడేది. రెండింటినీ వేర్వేరు సబ్‌డొమైన్లకు మార్చాం, క్యూలు విడదీశాం. అత్యవసర క్యూకు ముందు ఇంకేదీ నిలబడదు, చవితి ఆఫరైనా సరే.

నంబరు ఎవరిది?

సాంకేతికం అంతా కుదిరాక కూడా మిగిలిన పెద్ద తలనొప్పి ఇదే. టికెట్‌లో ఉన్న నంబరు ప్రయాణించే మనిషిది కాదు. బుకింగ్ ఏజెంట్ తన నంబరే పది టికెట్లకు పెడతాడు, ప్రయాణికుడు నేరుగా కంపెనీకి పోతాడేమోనని ఆయన భయం. పిల్లలు పెద్దవాళ్ళకు తీస్తారు. ఆఫీసులో ఒకరే నలుగురికి తీస్తారు. ఒక పెద్దావిడ కాల్ సెంటర్ అమ్మాయితో అన్న మాట నాకు చెప్పారు: "మెయిల్ మా వాడికొస్తుంది, మెసేజ్ మా కోడలికొస్తుంది, బస్సు నాకొస్తుంది తల్లీ."

టికెట్ కొనే పేజీలో 'ప్రయాణించే వ్యక్తి మొబైల్' అని విడిగా అడగడం మొదలుపెట్టాం. విదేశీ నంబరు ఇస్తే, ఇక్కడి నంబరు ఒకటి తప్పనిసరి. మెయిల్ మాత్రం కొన్నవాళ్ళకే. అంటే ఒకే కబురు ఇద్దరు వేర్వేరు మనుషులకు వెళుతుంది. వాళ్ళలో ఒకరు చూసినా ఇంకొకరికి చెబుతారు. రెండు దారులు కలపడంలో నాకు కనిపించిన అసలు లాభం ఇదే. ఏజెంట్ల సంగతి ఇప్పటికీ సగమే తేలింది. ఒకే నంబరు మీద నాలుగు టికెట్లకు మించి ఉంటే ఆ నంబరుకు మెసేజ్ కాకుండా నేరుగా ఫోనే వెళ్ళేలా పెట్టాం.

ఇక 'తెలిసినవాళ్ళు' గడి. ఆపరేటర్ ఇచ్చే డెలివరీ రిపోర్ట్ ఫోన్‌కు చేరిందంటుంది, చదివారో లేదో చెప్పదు. అదైనా ఎంత నిజమో చూసుకోవడానికి క్లయింటు ఆఫీసులో నాలుగు పాత ఫోన్లు పెట్టాం, ఎయిర్‌టెల్, జియో, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ములతో. ప్రతి అత్యవసర మెసేజ్ వాటికీ వెళుతుంది. రిపోర్ట్ 'చేరింది' అంటూ ఆ ఫోన్ మోగకపోతే ఆ నెట్‌వర్క్ వాళ్ళకు ఫోన్లు మొదలుపెడతాం. ఖర్చు లేని పని, కానీ ఏ తెర మీదా కనపడని నిజం చెబుతుంది.

ఆరక్షరాల హెడర్‌కు తిరిగి జవాబు పంపలేం. మరి చదివానని ప్రయాణికుడు ఎలా చెబుతాడు? మన దేశానికి తెలిసిన పాత పద్ధతే: మిస్డ్ కాల్. నంబరు నమోదు చేయించి, మెసేజ్ చివర 'తెలిస్తే మిస్డ్ కాల్ ఇవ్వండి' అని చేర్చాం. 70 దాటి రెండు ముక్కలైంది. రద్దుకి మాత్రం ఆ ఖర్చు పెట్టడానికి క్లయింటు ఒప్పుకున్నారు. మిస్డ్ కాల్ వచ్చిన నంబరు జాబితాలోంచి పోతుంది. మిగిలినవాళ్ళ పేర్లు, బస్సు టైము వరసలో, కౌంటర్ కుర్రాళ్ళ ఫోన్లలో కనిపిస్తాయి. వాళ్ళు ఫోన్ చేస్తారు.

వాట్సాప్ ఎందుకు వాడలేదని అందరూ అడుగుతారు. వాడుతున్నాం, మూడో దారిగా. దానికి డేటా కావాలి, వరదలో మొదట పోయేది అదే. అయితే మామూలు మెసేజ్ కూడా సర్వరోగ నివారిణి కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్ ఉన్నా మాట కలిసేది కాదు. అలాంటి రోజు కోసం చేయాల్సింది ఆ రోజుకి ముందే చేయాలి.

బటన్ ఎవరు నొక్కాలన్నది కూడా మారింది. ఇప్పుడు నాకు ఫోన్ రాదు. ట్రాఫిక్ పెద్దాయనే తన ఫోన్లో సర్వీసు ఎంచుకుని, కారణం ఎంచుకుని, మెసేజ్ ఎలా కనిపిస్తుందో చూసి పంపుతారు. సంక్రాంతి పొరపాటు తర్వాత, పంపే ముందు సీట్ చార్ట్‌లోని మొదటి మూడు పేర్లు చూపించి 'వీళ్ళకేనా?' అని అడుగుతుంది. రెండో మనిషి ఆమోదం పెడదామని కొందరన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి రెండో మనిషిని లేపేసరికి మొదటి బస్సు వెళ్ళిపోతుంది.

మొంథా

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఈసారి వాతావరణ శాఖ హెచ్చరికలు రోజుల ముందే వచ్చాయి కాబట్టి టైముంది. కాకినాడ, రాజమండ్రి టికెట్లు కొన్నవాళ్ళందరికీ ఆదివారమే మెయిల్ వెళ్ళింది, మూడు ఎంపికలతో. చాలామంది అప్పుడే తేదీ మార్చుకున్నారు. మంగళవారం మధ్యాహ్నం రద్దు నిర్ణయం అయ్యాక, మిగిలినవాళ్ళకు మాత్రమే మెసేజ్ వెళ్ళింది. అంటే ఫోన్లు చేయాల్సిన జాబితా పొట్టిదైంది. మొదటిసారి కంటే ఈసారి అసలు తేడా అక్కడ పడింది, మెసేజ్ వేగంలో కాదు.

ఒక గేట్‌వే మధ్యలో స్పందించడం మానేసింది. రెండోదానికి మారింది, దాంతో కొందరికి ఒకే మెసేజ్ రెండుసార్లు వెళ్ళింది. రద్దు కబురు రెండుసార్లు వెళితే నష్టం లేదు. టైము మార్పు కబురైతే ఒప్పుకునేవాణ్ణి కాదు, పాతదీ కొత్తదీ వెనకాముందూ చేరితే జనం తప్పుదానికి వస్తారు. అందుకని టైము మార్పులకు రెండో గేట్‌వే తనంతట తాను పనిచేయకుండా కట్టేశాం. ఆఫీసులోని బీఎస్‌ఎన్‌ఎల్ ఫోన్ మాత్రం మోగలేదు. కంగారుపడి చూస్తే సిమ్ రీచార్జ్ గడువు అయిపోయి ఉంది.

సాయంత్రానికి జాబితాలో ముగ్గురు మిగిలారు. ఒకరు ఫోన్ ఎత్తి, మెసేజ్ చూశాను, మిస్డ్ కాల్ ఇవ్వడం మర్చిపోయాను అన్నారు. ఇంకొకరి టికెట్ కొన్న అన్నయ్య మెయిల్ చూసి ముందే చెప్పేశాడు. మూడో మనిషి నంబరు స్విచాఫ్, మెయిల్ తెరిచిన జాడ లేదు. రాత్రి తొమ్మిది బస్సు. ట్రాఫిక్ పెద్దాయన ఎల్బీనగర్ కౌంటర్ కుర్రాడికి ఫోన్ చేసి, "ఒరేయ్, గొడుగు తీసుకుని ఎక్కే చోట నిలబడు, సంచీతో ఎవరొచ్చినా పేరడుగు" అన్నారు.

తొమ్మిదికి పది నిమిషాల ముందు ఆయన వచ్చాడట, రెండు సంచులతో. ఫోన్ రెండు రోజుల కిందటే నీళ్ళ బకెట్లో పడిందట.